రంగు మార్చండి, రాత మారుతుంది

విడపనకల్లు మండల ప్రజల మనోవికాసం కోసం వర్ణ సలహాలు

మనిషి మనసు రంగుల చేతిలో ఉంటుందని పెద్దవాళ్లు ఏనాడో తేల్చేశారు. జర్మన్ కవి గేటే 1810లో రంగుల మీద లావుపాటి గ్రంథం రాసి, ఏ రంగు మనసును ఏం చేస్తుందో వివరించాడు. స్విట్జర్లాండ్‌కు చెందిన మాక్స్ లూషర్ 1947లో రంగు అట్టలు చేతికిచ్చి, ఎవరు ఏది ముందు తీస్తే వాళ్ల గుణం అదేనని చెప్పే పరీక్ష బయటపెట్టాడు. అప్పటినుంచి ఈ శాస్త్రం వల్ల ఎందరో బాగుపడ్డారు. రంగు డబ్బాల కంపెనీలు బాగుపడ్డాయి, ఇంటి అలంకరణ నిపుణులు బాగుపడ్డారు, ఆదివారం సంచికలో అరపేజీ నింపాల్సిన మాబోటివాళ్లూ బాగుపడ్డాం.

అనంతపురం జిల్లాలో బళ్లారి సరిహద్దును ఆనుకుని ఉన్న విడపనకల్లు మండలానికి మాత్రం ఈ జ్ఞానం ఇంకా చేరలేదు. ఇక్కడివాళ్లకు మనసు బాగాలేకపోతే వాన లేదంటారు, ధర లేదంటారు, కాలువకు నీళ్లు రాలేదంటారు. గోడ రంగు వల్లేమోనని ఒక్కరికీ తోచదు. ఆ లోటు తీర్చడానికే ఈ సలహాలు. పాల్తూరు, డొనేకల్లు, గడేకల్లు, హవళిగి, కరకముక్కల వాసులు కూడా నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. ఖర్చంటారా, సున్నం మొదలు ఎనామిల్ దాకా ఎవరి తాహతు వారిది.

1. ముందు పట్టిక బట్టీ పట్టండి

నీలం ప్రశాంతం. ఆకుపచ్చ ఊరట. పసుపు ఉల్లాసం. ఎరుపు ఆవేశం. నలుపు దిగులు. లండన్‌లోనైనా లత్తవరంలోనైనా ఇదే పట్టిక. మీ మనసు దీనికి ఒప్పుకోకపోతే సరిచేసుకోవాల్సింది మనసునే. పట్టిక అచ్చయిపోయింది, ఇక దాన్ని మార్చలేం.

విడపనకల్లుతో వచ్చిన చిక్కంతా ఇక్కడే ఉంది. ముంగారు (ఖరీఫ్) విత్తనం పడి, మొలక తలెత్తి, ఆ తర్వాత మూడు వారాలు చుక్క రాలని జూలై నెలలో తల పైకెత్తి చూడండి. ఎక్కడా మచ్చలేని నీలం. పట్టిక ప్రకారం అంతకు మించిన ప్రశాంతత లేదు. కానీ ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానకు కాస్త అటూ ఇటూగా బతికే ఈ జిల్లా రైతు ఆ నీలాన్ని చూస్తే రాత్రి కునుకు తీయడు, పొద్దున ఇంట్లో ఎవరితోనూ మాట్లాడడు. అదే సాయంత్రం పడమట నల్లగా కమ్ముకొస్తే, దిగులుపడి లోపల కూర్చోవాల్సిన జనం అరుగుల మీదికొచ్చి నవ్వుతారు. ఆ నల్లమబ్బు కింద నల్లరేగడి తడిసిందా, హింగారికి (రబీకి) శనగ విత్తనం ధర కనుక్కోవడానికి ఒకరింటికొకరు పరుగులు తీస్తారు. నలుపు మీద నలుపు పడితే సంతోషించే మనుషుల గురించి గేటే రాయలేదు.

ఆకుపచ్చ విషయంలోనూ అంతే. శెనక్కాయ చేను పచ్చగా ఒత్తుగా ఉంటే దారినపోయేవాడికి ఊరట కలుగుతుంది. చేనుగలవాడికి మాత్రం కలగదు. ఊడలు దిగే వేళకు నేలలో పదును లేకపోతే పైన ఎంత పచ్చగా ఉన్నా కింద కాయ ఉండదని వాడికి తెలుసు. కాబట్టి మా సలహా ఏమిటంటే చెట్టు పీకి చూడకండి. పైనుంచి ఫోటో తీసుకుని, పట్టిక పక్కన పెట్టుకుని, ఊరట పొందండి.

ఒకప్పుడు ప్రభుత్వాలు ఈ జిల్లాలో మేఘమథనం చేయించాయి. విమానాలెక్కి మబ్బుల్లో సిల్వర్ అయొడైడ్ చల్లించాయి. మబ్బును మార్చడానికి అంత శ్రమ దేనికి? మబ్బు కోసం చూసేవాణ్ణి మార్చుకుంటే విమానం అద్దె మిగులుతుంది.

2. తగాదాలున్న చోట గులాబీ పూయండి

1979లో అమెరికాలో సియాటిల్ నగరంలోని నౌకాదళ జైల్లో ఒక గదికి గులాబీ రంగు వేశారు. అలెగ్జాండర్ షాస్ అనే పరిశోధకుడు చెప్పిన పాళ్లలో, గాలన్ తెల్ల రంగుకు ఒక పింట్ ఎర్ర రంగు కలిపారు. ఆ గదిలో పెట్టిన ఖైదీలు కాసేపట్లోనే మెత్తబడిపోయారని నివేదిక వచ్చింది. ఆ జైలు అధికారులు ఇద్దరి పేర్లూ కలిపి దానికి బేకర్ మిల్లర్ గులాబీ అని నామకరణం చేశారు. అయోవా విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ కోచ్ హేడెన్ ఫ్రై అయితే ఎదుటి జట్టు బట్టలు మార్చుకునే గదికి గులాబీ వేయించాడు. ఆటకు ముందే వాళ్ల పౌరుషం జారిపోవాలని ఆయన ఆశ.

2015లో స్విట్జర్లాండ్ జైల్లో ఖైదీలను కొందరిని గులాబీ గదుల్లో, కొందరిని మామూలు గదుల్లో పెట్టి పోల్చి చూస్తే తేడా ఏమీ కనబడలేదన్న పరిశోధన ప్రచురితమైంది. ఆ పేజీ చించేయండి. సలహాలిచ్చేవాడు తర్వాత వచ్చిన పరిశోధనలు చదవకూడదు. చదివితే సలహా ఇవ్వలేడు.

మన మండలంలో గులాబీ వేయాల్సిన మొదటి చోటు పడకగది కాదు, తుంగభద్ర ఎగువ కాలువ తూము. పైనున్నవాళ్లు మడవ తిప్పుకుంటే కింద ఆయకట్టు చివర ఉన్నవాళ్లు కర్రలు పట్టుకొస్తారు. తూము తలుపుకు రెండు కోట్లు గులాబీ వేసి చూడండి. వచ్చినవాళ్లు కర్రలు గట్టు మీద పారేసి, ఒకరికొకరు బీడీ ఇచ్చుకుని, ఎండిన మిరపచేలకు తిరిగిపోతారు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర జలాశయం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయి, ఈ కాలువ మీద ఆధారపడ్డ ఊళ్లన్నీ గుండె చేత్తో పట్టుకున్నాయి కదా. 1953 నాటి డ్యాము, పాతబడ్డ గొలుసు, నిర్వహణ లోపం అని ఇంజనీర్లు ఏవేవో చెప్పారు. గేటుకు ఏ రంగు వేశారని మాత్రం ఎవరూ అడగలేదు.

3. మిద్దెకు ముదురు నీలం

ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటే చోట ఇల్లు చల్లగా ఉండాలంటే చల్లటి రంగు వేయాలి. పట్టికలో చల్లటి రంగు నీలం. కాబట్టి మిద్దె పైన ముదురు నీలం వేయించండి, ఎంత ముదురైతే అంత చల్లన.

మీ అవ్వలు వేసవి ముందర మిద్దె మీద సున్నం కొట్టించేవారు. అది పాత పద్ధతి. తెలుపు ఎండను తిప్పికొడుతుంది, ముదురు రంగు దాన్ని మింగి ఇంట్లోకి దింపుతుంది అన్న భౌతికశాస్త్రం మీద ఆధారపడ్డది. తెలంగాణ ప్రభుత్వం కూడా 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చి, ఎండను తిప్పికొట్టే తెల్లపూతలు వేసుకోమంది. ఇవన్నీ ఒంటికి సంబంధించిన సంగతులు. మన శాస్త్రం మనసుకు సంబంధించింది. నీలం మిద్దె కింద ఒళ్లు ఉడికిపోతున్నా మనసు చల్లగా ఉండాలి. ఉండటం లేదంటే మీకు అలవాటు కాలేదన్నమాట. సాధన చేయండి.

4. కుక్కలకు ఎర్రనీళ్లు, జింకలకు ఎర్రచీరలు

సీసాలో ఎర్రనీళ్లు నింపి గడప ముందర వేలాడదీస్తే కుక్కలు అటు రావని తెలుగునాట వీధివీధికీ తెలుసు. విడపనకల్లులో కూడా ఆచరించండి. రంగు కొనాల్సిన పని లేదు. నీళ్లలో పసుపు, సున్నం కలిపితే చాలు, సున్నం తగలగానే పసుపులోని కర్క్యుమిన్ ఎర్రబడుతుంది. దిష్టి తీసే నీళ్లు అవే కాబట్టి ఒకే సీసాతో కుక్కా పోతుంది, దిష్టీ పోతుంది. తాగడానికి ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టిన రోజున కూడా ఈ సీసా నింపడం మానకండి.

కుక్క కంట్లో రంగులు గుర్తించే కణాలు రెండే రకాలనీ, నీలం, పసుపు తెలుస్తాయిగానీ ఎరుపు దానికి మసకగా మట్టిరంగులా కనిపిస్తుందనీ పశువైద్యులు చెబుతారు. మీ వీధి కుక్కకు ఈ సంగతి తెలియనంత కాలం ఫరవాలేదు. అది ఆ సీసా నీడలోనే పడుకుని ఉంటే, భయంతో కదల్లేకపోతోందని అర్థం చేసుకోండి.

ఇక కృష్ణజింకలు. రాష్ట్ర జంతువు హోదాకు తోడు వన్యప్రాణుల సంరక్షణ చట్టం కూడా ఉంది కాబట్టి వాటిని ముట్టుకోవడానికి వీల్లేదు. వాటికి మాత్రం మీ మొలకలు ముట్టుకోవడానికి అభ్యంతరం లేదు. మందలు మందలుగా చేలల్లో పడతాయి. చేను చుట్టూ పాతచీరలు కట్టే అలవాటు మీకుంది, మెచ్చుకుంటున్నాం. కాకపోతే ఏ చీర దొరికితే అది కట్టేస్తున్నారు. అన్నీ ఎర్రచీరలే కట్టండి. గిట్టల జంతువుల కంటికి ఎరుపుకూ ఆకుపచ్చకూ పెద్ద తేడా కనబడదు. ఎర్రచీర వాటికి పచ్చటి పైరులాగే ఉంటుంది. పైరు మధ్య ఇంకొంచెం పైరు చూసి అవి సిగ్గుపడి వెళ్లిపోవాలి. ఎగిరే గుడ్డకు జంకుతాయే తప్ప రంగుకు కాదని ఎవరైనా అంటే, వాళ్లు రాత్రుళ్లు చేలో కావలి పడుకునే రైతులై ఉంటారు. చదువుకున్నవాళ్లు అలా అనరు.

5. పురుగుల దగ్గర పాఠం నేర్చుకోండి

రంగులు ప్రవర్తనను మారుస్తాయనడానికి మా దగ్గర ఒక్క తిరుగులేని రుజువుంది. మిరప చేలో పసుపు రంగు జిగురు అట్ట పెడితే తెల్లదోమ, పేనుబంక వచ్చి అతుక్కుంటాయి. నీలం అట్ట పెడితే తామర పురుగులు వస్తాయి. 2021-22లో కొత్త రకం తామర పురుగు వచ్చి మిరప పూతను తుడిచిపెట్టిన ఏడాది వ్యవసాయ శాఖ నీలం అట్టలు పెట్టమని చెప్పి చెప్పి అలిసిపోయింది. రంగు చూశాయి, వచ్చాయి, అతుక్కున్నాయి. ఇంత విధేయతగల ప్రజలు ఇంకెక్కడ దొరుకుతారు?

ఈ సందర్భంలోనే ఒక హెచ్చరిక. పురుగుమందు డబ్బా మీద వజ్రం ఆకారపు గుర్తు ఉంటుంది, దాని కింది సగంలో ఒక రంగుంటుంది. 1971 నాటి పురుగుమందుల నిబంధనల ప్రకారం ఎరుపు అతి తీవ్రమైన విషం, పసుపు తీవ్రమైన విషం, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ అన్నిటికంటే తక్కువ. ప్రాణం కాపాడే రంగు ఈ ప్రపంచంలో ఏదైనా ఉందంటే అది ఆ నాలుగంగుళాల చోటే. అందుకే దాన్ని ఎవరూ చూడరు. వాస్తు చెప్పినాయన గేటు రంగు మార్చమంటే అప్పుచేసి మారుస్తాం. డబ్బా మీద ఎర్రగుర్తు ఉచితంగా వచ్చింది కాబట్టి దానికి విలువ లేదు. మా సంప్రదింపు రుసుము ఎందుకంత ఎక్కువో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

6. ఊరి గోడలకు పార్టీ రంగులు

పురుగులు అట్టకు అతుక్కున్నట్టే ఓటర్లు గోడకు అతుక్కుంటారు. ఈ సూత్రాన్ని మన రాష్ట్రంలో ఎంత శ్రద్ధగా పరీక్షించారో ఇంకెక్కడా పరీక్షించలేదు.

1982లో ఎన్టీఆర్ తెలుగుదేశం పెట్టినప్పుడు పసుపు రంగు ఎంచుకున్నారు. 2018లో ఆ పార్టీ ప్రభుత్వం అన్న క్యాంటీన్లు పసుపు రంగులో తెరిచింది. ఐదు రూపాయల అన్నం తిని, పసుపు గోడ చూసి, జనం ఉల్లాసంగా బయటికొచ్చారు. 2019లో అదే ఉల్లాసంతో 175 స్థానాల్లో 23 ఇచ్చారు.

151 స్థానాలతో వచ్చిన వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం ఆ పొరపాటును గుర్తించింది. రంగు తక్కువైందని. దాంతో పంచాయతీ భవనాలు, గ్రామ సచివాలయాలు రాష్ట్రమంతటా నీలం, తెలుపు, ఆకుపచ్చలోకి మారాయి. మన ఉమ్మడి అనంతపురం జిల్లాలోనే అమరాపురం మండలం తమ్మడేపల్లిలో గోడ మీదున్న జాతీయ జెండా రంగుల పైన కూడా పార్టీ రంగులు పడ్డాయి. 2019 అక్టోబరులో అది పెద్ద దుమారమైంది. వేసినవాణ్ణి తప్పుపట్టకండి. మూడు రంగులు తీసి మూడు రంగులే పెట్టాడు.

2020 మార్చి 10న హైకోర్టు ఆ రంగులు తీసేయమంది. సుప్రీంకోర్టు కూడా అదే మాటంది. ఇక్కడ మన శాస్త్రానికి స్వర్ణయుగం మొదలైంది. ఏప్రిల్‌లో 623 నంబరు జీవో వచ్చింది. ఉన్న మూడు రంగులకు ఎర్రమట్టి రంగు జోడించి, ఆకుపచ్చ అంటే వ్యవసాయం, నీలం అంటే నీలి విప్లవం, తెలుపు అంటే పాలు, ఎర్రమట్టి అంటే నేల అని అర్థాలు చెప్పింది. మన మండలం గోడ మీద నీలం చూసి రైతుకు చేపల చెరువులు గుర్తుకు రావాలన్నమాట. తాగునీటి ట్యాంకరు గుర్తొస్తే అది వాడి దృష్టిదోషం. మే 22న హైకోర్టు ఆ జీవోనూ కొట్టేసింది. జూన్ 3న సుప్రీంకోర్టు నాలుగు వారాల గడువు పెట్టి రంగులు తుడిచేయమంది. దేశం కరోనాతో అల్లాడుతున్న ఆ మూడు నెలల్లో రెండు న్యాయస్థానాలు ఒక గోడ రంగు మీద ఇన్నిసార్లు కూర్చున్నాయంటే, మన శాస్త్రానికున్న ప్రాముఖ్యం ఎంతో ఊహించుకోండి.

ఫలితం సంగతా? 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు వచ్చినవి 11 స్థానాలు. తప్పు రంగుది కాదు. మన ఉరవకొండ నియోజకవర్గాన్నే తీసుకోండి. 2004, 2009, 2014, 2019 ఎన్నికల్లో ఇక్కడ ఏ రంగు గెలిస్తే రాష్ట్రంలో ఆ రంగు ప్రతిపక్షంలో కూర్చుంది. రాష్ట్రమంతా ఒక రంగు వేసుకుంటే వీళ్లు ఇంకో రంగు వేసుకునేవాళ్లు. 2024లో తెలుగుదేశం నుంచి పయ్యావుల కేశవ్ గెలిచి, ఆ పార్టీయే అధికారంలోకి వచ్చి, ఆయన ఆర్థిక మంత్రి అయ్యాకగానీ ఆ సెంటిమెంటు తెగలేదు. ఆ ఇరవై ఏళ్లలో ఊరి గోడలు ఏ రంగులో ఉన్నాయో, ఓటు ఏ రంగుకు పడిందో పక్కపక్కన పెట్టి చూడమని కొందరు అంటారు. మీరు చూడకండి. రాబోయే ప్రభుత్వాలకు కూడా మా సలహా ఒక్కటే: రోడ్డు వేయాలంటే టెండరు కావాలి, కాలువకు నీళ్లు వదలాలంటే పక్క రాష్ట్రాన్ని ఒప్పించాలి, రంగు వేయాలంటే నిచ్చెన చాలు.

7. నలతగా ఉంటే ఎర్రమందు

మాత్ర రంగు కూడా పనిచేస్తుందని 1996లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక సమీక్ష చెప్పింది. ఎరుపు, పసుపు మాత్రలు చురుకు పుట్టిస్తాయని, నీలం, ఆకుపచ్చవి మగత తెస్తాయని జనం అనుకుంటారట. ఈ పరిశోధన జరగక ముందే మన ఊళ్లలో సూది వేసేవాళ్లకు ఆ సంగతి తెలుసు. బి12 విటమిను పుట్టుకతోనే ఎర్రగా ఉంటుంది. ఆ ఎర్రసూది పడందే జ్వరం తగ్గిందని రోగి ఒప్పుకోడు. కాబట్టి ఏ జబ్బుకైనా ఎర్రమందు అడగండి. రక్తపరీక్ష రాసే డాక్టరు దగ్గరికి వెళ్లకండి, ఆయన రంగులో ఉన్నది తీసుకుంటాడే తప్ప ఇవ్వడు.

8. రిఫరీ కళ్లల్లో పడండి

2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో బాక్సింగ్, తైక్వాండో, కుస్తీ పోటీలను ఇద్దరు బ్రిటిష్ పరిశోధకులు లెక్కగట్టారు. ఎర్రదుస్తులవాళ్లు దాదాపు 55 శాతం పోటీలు గెలిచారని 2005లో నేచర్ పత్రికలో రాశారు. ఎరుపు వేసుకుంటే కండబలం పెరుగుతుందని ప్రపంచమంతా సంబరపడింది. అయితే 2008లో జర్మనీ పరిశోధకులు తైక్వాండో వీడియోలు తీసుకుని, కంప్యూటరులో దుస్తుల రంగులు తారుమారు చేసి, 42 మంది రిఫరీలకు చూపించారు. ఆటగాడు అదే, తన్నూ అదే. ఎరుపులో కనబడినప్పుడు మాత్రం సగటున 13 శాతం ఎక్కువ పాయింట్లు పడ్డాయి.

అంటే రంగు పనిచేసింది వేసుకున్నవాడి మీద కాదు, పాయింట్లు వేసేవాడి మీద. ఇది మన శాస్త్రానికి కాస్త ఇబ్బందికరమైన నిజం కాబట్టి బ్రిటన్‌కూ జర్మనీకీ వదిలేసి, విడపనకల్లులో మంచి ఉదాహరణతో సరిపెట్టుకుందాం.

రేషన్ కార్డు. పేదవాడికి తెల్లకార్డు, కాస్త ఉన్నవాడికి గులాబీ కార్డు. ఎన్నో ఏళ్లు ఇదే పద్ధతి. తర్వాత దాని పేరు బియ్యం కార్డుగా మారినా జనం నోట ఇప్పటికీ తెల్లకార్డే. తెల్లకార్డుంటే బియ్యం వచ్చాయి, 2007 నుంచి ఆరోగ్యశ్రీ వచ్చింది. గులాబీ కార్డుంటే ఇంట్లో కార్డు ఉంది అనే తృప్తి వచ్చింది. గులాబీ మనిషిని శాంతపరుస్తుందని సియాటిల్ వాళ్లన్నారు కదా, చేతిలో గులాబీ కార్డు పెట్టి ఆపరేషనుకు డబ్బు కట్టమంటే ఎంత శాంతంగా ఉంటాడో చూసి రండి. తెలుపు మనశ్శాంతినిస్తుందని మాత్రం ఇక్కడ నిర్ద్వంద్వంగా రుజువైంది. కనక మా సలహా: ఇంటి గోడ ఏ రంగైనా వేసుకోండి, కార్డు మాత్రం తెల్లగా ఉంచుకోండి. దానికి ఏ బ్రష్షు కావాలో తహసీల్దారు కార్యాలయంలో అడిగితే చెబుతారు, రేపు రమ్మంటారు.

9. మిరపకాయ: ఎరుపును అదుపులో ఉంచండి

ఈ ప్రాంతంలో నల్లరేగడి, కాలువ నీళ్లు కలిసిన చోట మిరప. కారం కావాలనుకున్నవాళ్లు గుంటూరు రకాలు వేస్తారు. రంగు కావాలనుకున్నవాళ్లు బ్యాడిగి వేసి, లారీకెత్తి, కర్ణాటకలో హావేరి జిల్లా బ్యాడిగి మార్కెట్‌కు తోలతారు. 2011లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ కాయకు కారం తక్కువ, ఎరుపు ఎక్కువ. ఆ ఎరుపును నూనెలా పిండి తినుబండారాల్లో కలుపుతారు, పెదాల రంగుల్లో కూడా వాడతారు. అందుకే ఆ మార్కెట్‌లో కాయ చేతిలోకి తీసుకున్న వ్యాపారి ముందు రంగు చూస్తాడు. ఆస్టా అని రంగుకు ఒక కొలత కూడా ఉంది. ప్రపంచంలో రంగును బట్టి జీవితం మారే మనిషి ఎవరంటే డిజైనరు కాదు, బ్యాడిగి పండించిన రైతు.

కల్లంలో ఆరబోసిన కాయ మీద అకాల వాన పడితే ఎరుపు చెడి తాలు అవుతుంది, ధర సగానికి పడుతుంది. అలాగని ఇంట్లో పెట్టుకుంటే నెలలు గడిచేకొద్దీ రంగు వెలిసిపోతుంది, శీతల గిడ్డంగికి బాడుగ కట్టాలి. కాబట్టి ఆకాశం నీలంగా ఉండాల్సిన రోజులు కూడా రైతుకు కొన్ని ఉన్నాయి. ఒక నీలం జూలైలో చంపితే, ఇంకో నీలం ఫిబ్రవరిలో బతికిస్తుంది. ఒకే రంగుకు రెండు గుణాలుండటం పట్టికకు విరుద్ధం. ఫిబ్రవరి నీలాన్ని వేరే రంగుగా నమోదు చేసుకోండి.

2024 మార్చి 11న బ్యాడిగి మార్కెట్‌లో ధరలు ఒక్కసారిగా కూలాయని కర్ణాటక, ఆంధ్ర రైతులు తిరగబడ్డారు. మార్కెట్ కార్యాలయం మీద దాడి జరిగింది, వాహనాలు తగలబడ్డాయి. పత్రికలు ధర, దళారులు అంటూ రాశాయి. అసలు కారణం మేం చెబుతాం: లక్షల బస్తాల ఎరుపును ఒకేచోట పోగుచేస్తే ఆవేశం రాక ఏం వస్తుంది? ఇకమీదట బస్తాల మీద ఆకుపచ్చ టార్పాలిను కప్పి తూకం వేయండి. రైతుకు ఊరట కలుగుతుంది. వ్యాపారికి రంగు కనబడక ధర ఇంకా తగ్గిస్తాడు, అది వేరే సంగతి.

వెలిసిన కారంపొడికి రంగు కలపమని కూడా సలహా ఇద్దామనుకున్నాం. కానీ 2003లో యూరప్ దేశాల్లో భారత కారంపొడిలో సూడాన్ అనే కృత్రిమ రంగు పట్టుబడ్డాక ఎగుమతులకు ప్రతి సరుకునూ పరీక్షించడం మొదలైంది. మనసు మీద పనిచేసే రంగులకు మాత్రమే మేం బాధ్యులం, కాలేయం మీద పనిచేసేవాటికి కాదు.

10. ఇంట్లో పసుపు ఉండేలా చూసుకోండి

పసుపు ఉల్లాసం అన్నాం కదా. ఈ ఒక్క విషయంలో విడపనకల్లు పట్టికను నూటికి నూరుపాళ్లు పాటిస్తుంది. ఇంటి ఆడవాళ్ల మెడలో పసుపుపచ్చగా మెరిసేది ఉన్నంతసేపు ఇల్లు ఉల్లాసంగానే ఉంటుంది. విత్తనాల వేళకు అది బ్యాంకుకు పోతుంది. పంట వస్తే తిరిగొస్తుంది, రాకపోతే బ్యాంకువాళ్ల వేలం ప్రకటన వస్తుంది. ఆ ప్రకటన తెల్లకాగితం మీద నల్ల అక్షరాల్లో ఉంటుంది. తెలుపు స్వచ్ఛతకు గుర్తు. గోడకు అంటించుకుని ధ్యానం చేయండి.

పాఠకుల సందేహాలు, మా జవాబులు

ప్రశ్న: అన్నీ చేశాం సార్. ఇంటికి నీలం, తూముకు గులాబీ, చేను చుట్టూ ఎర్రచీరలు. మనసు మాత్రం మారలేదు.

జవాబు: ఒక కోటు వేసి ఉంటారు. రెండో కోటు వేయండి. అప్పటికీ మారకపోతే మీరు ఎంచుకున్న నీలం సరైన నీలం కాదు. కంపెనీ కార్డులో నీలాలు చాలా ఉంటాయి, ఒక్కొక్కటిగా ప్రయత్నించండి. మా శాస్త్రం తప్పని తేలేలోపు మీకు వయసైపోతుంది.

ప్రశ్న: మా ఊరి సచివాలయానికి రంగు వేశారు, తుడిచారు, మళ్లీ వేశారు. లోపల ఇచ్చిన అర్జీ మాత్రం అలాగే ఉంది.

జవాబు: అర్జీకి కూడా రంగు కాగితం వాడి ఉండాల్సింది. మీరు తెల్లకాగితం మీద రాసి ఉంటారు, తెలుపు ప్రశాంతత కలిగిస్తుంది. అధికారి అంత ప్రశాంతంగా ఉన్నారంటే అదే కారణం.

ప్రశ్న: మాకు దిగులు రంగు వల్ల కాదు సార్, అప్పు వల్ల అనుకుంటున్నాం.

జవాబు: అందరూ మొదట్లో అలాగే అనుకుంటారు. అప్పు పత్రం ఏ రంగులో ఉందో రాసి పంపండి.

ప్రశ్న: అప్పా, రంగులన్నీ సరేగానీ, కాలువకు నీళ్లు ఎప్పుడు ఇడుస్తారో ఆ పట్టికలో ఏమన్నా ఉందా?

జవాబు: లేదు. నీళ్లకు రంగు ఉండదని చిన్నపిల్లల పుస్తకంలోనే రాసుంది. రంగులేని వాటి గురించి మా శాస్త్రం మాట్లాడదు.